‘ఖబీర్’ రాసిన రిపోర్టు: కోర్టులో నిపుణుడి మాటకు ఎంత బరువు?

“అన్నా, నా కేసు ఖబీర్ దగ్గరికి పోయిందంట. ఇగ నా పని అయిపోయినట్టేనా?”

క్యాంపులకు వెళ్ళినప్పుడు మాకు తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఇది. అడిగేవాళ్ళలో నిజామాబాద్, జగిత్యాల వైపు వాళ్ళూ ఉంటారు, కడప, గోదావరి జిల్లాల వాళ్ళూ ఉంటారు. జీతం బకాయి కోసమో, సర్వీసు డబ్బుల కోసమో, సైట్లో చెయ్యి విరిగిన కేసులోనో కోర్టుకెక్కుతారు. రెండు వాయిదాలు గడిచాక జడ్జిగారు అరబీలో ఏదో చెబుతారు. బయటికొచ్చాక పక్కనున్నవాడు ‘ఖబీర్‌కి పంపారు’ అంటాడు. ఆ ఖబీర్ కంపెనీ మనిషో, గవర్నమెంటు మనిషో, లాయరో, డాక్టరో ఎవరూ చెప్పరు. కొందరు ఆ మాటతోనే కేసు మీద ఆశ వదిలేసి, దొరికిన టికెట్టు పట్టుకుని ఇంటికి వెళ్ళిపోతున్నారు. ఖబీర్ పిలిచిన రోజున ఖాళీ చేతులతో వెళ్ళి, ఆయన చూపించిన చోట సంతకం పెట్టి వచ్చేవాళ్ళు మరికొందరు.

అందుకే ఈ వారం ఆయన గురించి కాస్త వివరంగా రాస్తున్నాం.

ఖబీర్ అంటే అరబీలో విషయం బాగా తెలిసినవాడు, నిపుణుడు. జడ్జిగారికి చట్టం తెలుస్తుంది. కానీ పరంజా క్లాంపు తుప్పు పట్టి విరిగిందా, బిగించకపోవడం వల్ల ఊడిందా అనేది ఆయనకు తెలియాలని లేదు. మూడేళ్ళ ఓవర్‌టైం లెక్క కట్టడం ఆయన పని కాదు. కాలిపోయిన ఎముక ఎవరిదో చెప్పడం అసలే కాదు. అలాంటి చోట తెలిసినవాడిని పిలిచి అడుగుతారు.

మామూలు సాక్షికీ, నిపుణుడైన సాక్షికీ ఉన్న తేడా ఇక్కడే ఉంది. మీ రూమ్‌మేట్ కోర్టులో ‘అతను మూడో అంతస్తు నుంచి పడటం నేను చూశాను’ అని చెప్పవచ్చు. ‘ఆ ఎత్తు నుంచి పడితేనే వెన్నెముక ఇలా విరుగుతుంది’ అంటే మాత్రం కోర్టు ఆపుతుంది. చూసింది చెప్పే హక్కు అందరికీ ఉంటుంది. అభిప్రాయం చెప్పే హక్కు నిపుణుడికే ఉంటుంది. మన దేశంలో 1872 నాటి సాక్ష్య చట్టం 45వ సెక్షన్ ఈ మాటే చెప్పింది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. అందులో 39వ సెక్షన్‌గా అదే నియమం కొనసాగుతోంది.

అయితే ఆ నిపుణుణ్ణి ఎవరు తెస్తారన్న దగ్గర దేశానికో పద్ధతి ఉంది. ఇంగ్లండు, అమెరికా, ఆస్ట్రేలియా కోర్టుల్లో ఎక్కువగా ఎవరి నిపుణుణ్ణి వాళ్ళే తెచ్చుకుంటారు. అవతలి లాయరు ఆయన్ను నిలబెట్టి ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తాడు. మన దేశంలోదీ దాదాపు అదే దారి, కాకపోతే క్రిమినల్ కేసుల్లో ప్రభుత్వ లాబొరేటరీ రిపోర్టే ఎక్కువగా వస్తుంది. గల్ఫ్ దేశాల్లో మామూలుగా కోర్టే ఒకరిని నియమిస్తుంది. కువైట్‌లో న్యాయ మంత్రిత్వ శాఖ కిందే ఖబీర్ల విభాగం ఒకటి ఉంది. దాన్నే అక్కడివాళ్ళు ‘ఖుబరా’ అంటారు. యూఏఈలో రిజిస్టరులో పేరున్న నిపుణుల నుంచి కోర్టు ఒకరిని ఎంచుతుంది.

అంటే ఖబీర్ కంపెనీ మనిషి కాదు, మీ మనిషీ కాదు. ఆయన్ను పంపింది కోర్టు. ఆయన రెండు పక్షాలనూ పిలుస్తారు, కాగితాలు అడుగుతారు, అవసరమైతే సైటుకో ఆఫీసుకో వెళ్ళి చూస్తారు. అన్నీ అయ్యాక రిపోర్టు రాసి కోర్టుకు ఇస్తారు. అరబీలో దాన్ని ‘తఖ్రీర్’ అంటారు. ఆ రిపోర్టు మీద మీ అభ్యంతరాలు చెప్పుకోవడానికి కోర్టు అవకాశం ఇస్తుంది. అభ్యంతరంలో పస ఉందనిపిస్తే జడ్జి ఫైలును అదే ఖబీర్‌కు తిరిగి పంపవచ్చు, వేరే ఖబీర్‌ను వేయవచ్చు, ముగ్గురిని కలిపి కూడా వేయవచ్చు. రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు ఒప్పుకుని తీరాలన్న నియమం జడ్జికి లేదు.

కాగితం మీద ఇలా ఉంది. నిజానికి చాలా కేసుల్లో తీర్పు ఆ రిపోర్టు వెంటే నడుస్తుంది. కంపెనీ తరఫు మనిషి ఫైళ్ళ కట్టతో వస్తాడు. మన మనిషి ‘నాకు పద్నాలుగు నెలల జీతం రావాలి సార్’ అనే మాట ఒక్కటే తెస్తాడు. ఖబీర్ మాటను లెక్క కట్టలేరు, కాగితాన్ని కడతారు. అందులో ఆయన తప్పు వెతకడం మాకు న్యాయం అనిపించదు. బ్యాంకు స్టేట్‌మెంటు, ఫోర్‌మన్ సంతకం ఉన్న టైం షీటు, డ్యూటీ రోస్టరు ఫోటో, జీతం గురించి కంపెనీ పంపిన మెసేజీలు, కాంట్రాక్టు కాపీ – ఇవి ఆయన ముందు ఉంటేనే రిపోర్టులోకి వస్తాయి. యూఏఈలో 2009 నుంచి జీతాలు బ్యాంకు ద్వారా వేసే పద్ధతి వచ్చింది కాబట్టి, ఏ నెలలో ఎంత పడిందో ఆ స్టేట్‌మెంటే చెబుతుంది.

నిపుణుడంటే పొరపాటు పడని మనిషి అని మాత్రం అనుకోకండి. ఈ విషయంలో ప్రపంచమంతా చెప్పుకునే కేసు ఒకటి ఆస్ట్రేలియాలో జరిగింది. చదువుకున్నవాళ్ళంతా కలిసి ఒక తల్లిని జైలుకు ఎలా పంపారో తెలిస్తే, రిపోర్టు చూసినప్పుడు ఏం అడగాలో అదే తెలుస్తుంది. అందుకని దీన్ని కాస్త తీరికగా చెబుతాం.

కారులో ‘రక్తం’

ఆస్ట్రేలియా నడిబొడ్డున ఎర్ర ఎడారి, దాని మధ్యన ఉలూరు అనే పెద్ద ఎర్ర బండ. 1980 ఆగస్టు 17 రాత్రి ఆ బండ దగ్గర గుడారం వేసుకున్న ఒక కుటుంబంలో తొమ్మిది వారాల పసిపాప మాయమైంది. పాప పేరు అజారియా, తల్లి లిండీ చాంబర్లేన్. డింగో పాపను ఎత్తుకుపోయిందని తల్లి ఆ క్షణం నుంచే మొత్తుకుంది. డింగో అంటే అక్కడి అడవి కుక్క. చుట్టుపక్కల ఉన్న ఆదివాసులు జాడలు చదవడంలో ఆరితేరినవాళ్ళు. ఇసుకలో ఉన్న అడుగులు చూసి, డింగో ఏదో బరువు మోసుకుపోయిందని వాళ్ళూ చెప్పారు. మొదటి విచారణ చేసిన అధికారి కూడా 1981లో తల్లిదండ్రుల తప్పేమీ లేదన్నాడు.

ఆ తర్వాత నిపుణులు దిగారు.

పోలీసులు ఆ కుటుంబం కారును పట్టుకుపోయారు. అప్పటికి ఘటన జరిగి ఏడాది దాటింది. ముందు సీటు కింది భాగాల్లోనూ, డ్యాష్‌బోర్డు అడుగునా రక్తం ఉందని, అది పసిపిల్లల రక్తమేనని ప్రభుత్వ లాబొరేటరీ నిపుణురాలు చెప్పింది. డ్యాష్‌బోర్డు కింద ఒక లోహపు పలక మీద చుక్కలు చిమ్మినట్టున్నాయి. గొంతు కోసినప్పుడు రక్తం చిమ్మితే అలాగే పడుతుందన్నారు. లండన్ నుంచి వచ్చిన పేరున్న డాక్టరు, పాప దుస్తుల ఫోటోలు చూసి అందులో రక్తపు చేతి ముద్ర కనిపిస్తోందన్నాడు. గుడ్డ చిరిగిన తీరు కత్తెరతో కోసినట్టుందని, కుక్క పళ్ళు అలా చీల్చలేవని ఇంకో మాట వచ్చింది. పాప గుడ్డల మీద డింగో ఉమ్మి ఆనవాళ్ళు లేవన్నది మరో వాదన. పైన చిన్న కోటు తొడిగానని తల్లి చెప్పింది. ఆ కోటు దొరకలేదు కాబట్టి అదీ అబద్ధమే అన్నారు.

పాప శవం దొరకలేదు. ఎందుకు చంపిందో చెప్పే కారణం లేదు. చూసినవాళ్ళు లేరు. ఉన్నదంతా ఈ నిపుణుల మాటే. 1982 అక్టోబరు 29న జ్యూరీ ఆమెను దోషి అంది. యావజ్జీవ శిక్ష పడింది. అప్పటికి ఆమె నిండు గర్భిణి. జైల్లో ఉండగానే ఇంకో ఆడపిల్ల పుట్టింది. అప్పీలు దేశంలోని అత్యున్నత కోర్టు దాకా వెళ్ళినా, 1984లో అక్కడ ముగ్గురు జడ్జిలు వద్దన్నారు, ఇద్దరు కావాలన్నారు. ఒక్క ఓటు తేడా.

ఇక నిపుణుల మాట ఎలా కూలిందో చూడండి. ఆ కుటుంబం మౌంట్ ఐసా అనే ఊరి నుంచి వచ్చింది. అది రాగి గనుల ఊరు. గాలిలో, దుమ్ములో, కార్ల మీద రాగి ధూళి ఉంటుంది. రక్తం ఉందో లేదో తెలుసుకోవడానికి మొదట వాడిన రసాయనం రక్తానికి ఎలా రంగు మారుతుందో రాగి ధూళికీ అలాగే మారుతుంది. గనుల్లో పనిచేసే ఏ కార్మికుడి బండి తెచ్చి పరీక్షించినా రక్తం ఉన్నట్టే చూపించి ఉండేదేమో!

డ్యాష్‌బోర్డు కింద చిమ్మిన చుక్కల సంగతి ఇంకా విచిత్రం. నేర పరిశోధనతో ఏ సంబంధమూ లేని ఒక మద్దతుదారు చేసిన పని ఏమిటంటే, అదే మోడలు కార్లు వేరేవి వెతికి పట్టుకుని, అదే చోట చెయ్యి పెట్టి చూడటం. వాటిలోనూ అవే చుక్కలున్నాయి. కారు కంపెనీలో బాడీ తయారయ్యేటప్పుడు, చప్పుడు రాకుండా అడుగు భాగానికి తారు లాంటి మందు స్ప్రే చేస్తారు. ఆ మందు ఒక రంధ్రం గుండా లోపలికి చిమ్మి పడింది. మన వాళ్ళలో బాడీ షాపుల్లో పనిచేసినవాళ్ళకు ఈ మందు బాగా తెలుసు. వాళ్ళలో ఒక్కరిని అడిగినా ఐదు నిమిషాల్లో చెప్పేవారు.

పసిపిల్లల రక్తం అని తేల్చిన పరీక్ష మందు పసిపిల్లల రక్తాన్ని మాత్రమే పట్టిస్తుందనడానికి లేదని కూడా తర్వాత బయటపడింది. మరి ప్రతివాది పక్షం వాళ్ళు ఆ పరీక్షను మళ్ళీ చూసుకోలేదా అంటే, పరీక్ష చేసిన పలకలను లాబొరేటరీ వాళ్ళు తమ మామూలు పద్ధతి ప్రకారం అప్పటికే పారేశారు. చేతి ముద్ర అన్న మరకలో చాలా భాగం ఎర్ర ఇసుక అని తేలింది.

చివరికి 1986 ఫిబ్రవరిలో, ఆ బండ ఎక్కుతూ జారిపడి చనిపోయిన ఒక యాత్రికుడి కోసం వెతుకుతున్నవాళ్ళకు, డింగోలు ఉండే గుహల దగ్గర పాప కోటు దొరికింది. తల్లి చెప్పిన కోటే. ఉమ్మి గుడ్డల మీద ఎందుకు లేదో అప్పుడర్థమైంది. ఐదు రోజుల్లో ఆమెను వదిలేశారు. 1987లో జస్టిస్ మోర్లింగ్ కమిషన్ నిపుణుల సాక్ష్యాన్ని ఒక్కొక్కటిగా విప్పి చూపించింది. 1988లో శిక్ష రద్దయింది. పాప చనిపోవడానికి డింగోనే కారణమని అధికారికంగా రాసింది మాత్రం 2012 జూన్ 12న. ముప్పై రెండేళ్ళు పట్టింది.

ఆ నిపుణులు లంచం తిన్నవాళ్ళని ఎవరూ అనలేదు. తమకు తెలిసింది చెప్పారు. కానీ దేని ఆధారంగా చెబుతున్నారు, ఆ పరీక్ష వేరే కారణంతో కూడా అలా చూపిస్తుందా, ఇంకో కారు చూశారా అనే ప్రశ్నలకు గట్టి జవాబు రాకుండానే ఆమెను జైలుకు పంపారు. చదువు లేదన్న కారణంతో జాడలు చదివే ఆదివాసుల మాటకు తగిన విలువ దక్కలేదు. మాకైతే ఆ కేసులో అసలు నిపుణులు వాళ్ళే అనిపిస్తుంది.

మన సుప్రీంకోర్టు 1999లో హిమాచల్‌ప్రదేశ్‌కు చెందిన ఒక కేసులో ఈ సంగతే తేల్చింది. నిపుణుడు ఫలితం ఒక్కటే చెబితే చాలదు, ఆ ఫలితం సరైనదో కాదో జడ్జి స్వయంగా తూచి చూసుకోగలిగేలా ఆధారాలన్నీ ముందు పెట్టాలంది.

బసమా తప్పు చెప్పదా?

గల్ఫ్‌లో అడుగు పెట్టిన మొదటి వారంలోనే మనందరం వేలిముద్ర ఇచ్చాం. బసమా దొరికితే ఇక తిరుగులేదని క్యాంపుల్లో ఒక నమ్మకం ఉంది. ఇక్కడ ఒక చిన్న ముచ్చట చెప్పాలి. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో హెర్షెల్ అనే ఇంగ్లీషు అధికారి ఒక కాంట్రాక్టు కాగితం వెనక చేతి ముద్ర వేయించుకున్నాడు. వేలిముద్రల చరిత్ర అక్కడి నుంచే మొదలైందని చెబుతారు. ఆ కాంట్రాక్టు దేనికనుకున్నారు? రోడ్డుకు కంకర సరఫరా చేయడానికి! రోడ్డు పనివాళ్ళకూ వేలిముద్రకూ బంధం అంత పాతది.

ఎయిర్‌పోర్టులో మీరు మిషను మీద పెట్టే వేలు పూర్తిగా, శుభ్రంగా పడుతుంది. నేరం జరిగిన చోట దొరికే ముద్ర అలా ఉండదు. సగమే ఉంటుంది, చెదిరి ఉంటుంది. కంప్యూటరు కొన్ని పేర్లు ఇస్తే, చివరికి భూతద్దంతో చూసి ‘ఇతనిదే’ అనేది ఒక మనిషి. 2004 మార్చి 11న స్పెయిన్‌లో మాడ్రిడ్ రైళ్ళలో బాంబులు పేలాయి. డిటొనేటర్లు ఉన్న సంచి మీద దొరికిన ముద్ర ఒరెగాన్ రాష్ట్రంలోని ఒక లాయరుదని అమెరికా ఎఫ్‌బీఐ నిపుణులు తేల్చారు. నూటికి నూరుపాళ్ళు అన్నారు. అతన్ని అరెస్టు చేశారు. కోర్టు విడిగా నియమించిన నిపుణుడు కూడా అతనిదేనని చెప్పాడు. అదే రోజు, ఆ ముద్ర అల్జీరియాకు చెందిన వేరే మనిషిదని స్పెయిన్ పోలీసులు ప్రకటించారు. లాయరును వదిలేశారు, ఎఫ్‌బీఐ క్షమాపణ చెప్పింది, 2006లో అమెరికా ప్రభుత్వం అతనికి 20 లక్షల డాలర్లు ఇచ్చింది. మొదటి నిపుణుడి జవాబు తెలిసిన రెండో నిపుణుడికి కూడా అదే కనబడుతుందన్నది ఆ కేసు తర్వాత ప్రపంచమంతా చర్చకు వచ్చింది.

హైదరాబాద్ నుంచి వచ్చిన సాక్ష్యం

ఇంతవరకు చెప్పింది విని నిపుణులంటేనే విరక్తి కలగనక్కర లేదు. తప్పును నిరూపించింది కూడా నిపుణులే. అందులో మన హైదరాబాద్ వాటా చిన్నదేమీ కాదు.

ఉప్పల్ రోడ్డులో ఉన్న సీసీఎంబీలో లాల్జీ సింగ్ అనే శాస్త్రవేత్త ఉండేవారు. ఆయనది ఉత్తరప్రదేశ్. కట్లపాము జాతిలోని ఒక పాము మీద చేసిన పరిశోధనల నుంచి, మనిషి డీఎన్‌ఏను గుర్తుపట్టే సాధనం ఒకటి తయారుచేశారు. 1980ల చివర కేరళలోని తలస్సేరి కోర్టులో ఒక తల్లి, తన బిడ్డకు తండ్రి ఫలానా మనిషేనని, పోషణ ఖర్చు ఇప్పించమని కేసు వేసింది. ఆ మనిషి కాదన్నాడు. రక్తం నమూనాలు హైదరాబాద్ వచ్చాయి. ఆ మనిషే తండ్రి అని పరీక్షలో తేలింది. డీఎన్‌ఏను మన దేశపు కోర్టు ఒప్పుకున్న తొలి కేసు ఇదే. 1991లో కేరళ హైకోర్టు కూడా దాన్ని సమర్థించింది. పెద్ద లాయర్లను పెట్టుకోలేని ఒక తల్లికి ఆ రిపోర్టే అండగా నిలబడింది. 1996లో డీఎన్‌ఏ పరీక్షల కోసమే హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ అనే విడి సంస్థ వచ్చింది. లాల్జీ సింగ్ 2017లో కన్నుమూశారు.

అదే డీఎన్‌ఏ మన క్యాంపు జీవితంలోకి ఎలా వచ్చిందో కువైట్‌లోని మంగాఫ్ చూసినవాళ్ళు మరిచిపోలేరు. 2024 జూన్ 12 తెల్లవారుజామున, నూట తొంభైకి పైగా కార్మికులుండే భవనంలో మంటలు లేచాయి. కొందరి దేహాలు పక్క మంచం మీద పడుకున్న స్నేహితుడు కూడా గుర్తుపట్టలేనంతగా కాలిపోయాయి. డీఎన్‌ఏ పరీక్షలతో ఎవరు ఎవరో తేల్చారు. జూన్ 14న 45 మంది భారతీయుల భౌతికకాయాలను వైమానిక దళ విమానం కొచ్చిన్ చేర్చింది. వాళ్ళలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్ళు. ఆ పరీక్ష లేకపోతే ఏ తల్లి ఎవరి బిడ్డకు తలకొరివి పెట్టించి ఉండేదో తెలియదు. నిప్పు ఎక్కడ పుట్టిందన్నదీ నిపుణులే చెప్పాలి. కింది అంతస్తులో కాపలా మనిషి గదిలో కరెంటు షార్ట్ సర్క్యూట్ వల్ల మొదలైందని కువైట్ ఫైర్ ఫోర్స్ తన దర్యాప్తులో తేల్చింది. కారణం ఏదన్నదాన్ని బట్టే బాధ్యత ఎవరిదన్నదీ, నష్టపరిహారం సంగతీ తేలుతాయి.

శాతం అనే అంకె

పనిలో గాయపడినవాళ్ళ కేసుల్లో నిపుణుడు డాక్టరే. ఆయన రాసేది ఒక్క అంకె: వైకల్యం ఎంత శాతం. ఆ అంకె విలువ చూడండి. యూఏఈలో 2022 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న కార్మిక చట్టం ప్రకారం, పనిలో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి 24 నెలల బేసిక్ జీతం ఇవ్వాలి. అది 18 వేల దిర్హాంలకు తగ్గకూడదు, 2 లక్షలకు మించకూడదు. పాక్షిక వైకల్యమైతే అందులో శాతం కడతారు. బేసిక్ వెయ్యి దిర్హాంలు ఉన్నవాడికి మొత్తం 24 వేలు. డాక్టరు 10 శాతం రాస్తే 2,400 వస్తుంది, 30 శాతం రాస్తే 7,200 వస్తుంది. చెయ్యి ఒకటే, గాయం ఒకటే, మారింది అంకె.

కాబట్టి డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ‘పరవాలేదు సార్’ అనే మన అలవాటు మానుకోవాలి. పిడికిలి బిగిస్తే ఎంతవరకు బిగుస్తుంది, ఎంత బరువు ఎత్తగలరు, రాత్రి నొప్పికి నిద్ర పడుతుందా, ఏ వేలికి స్పర్శ లేదు – ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పెంచి చెప్పొద్దు, వాళ్ళు పరీక్షించి చూస్తారు. మొదటి రోజు ఎక్స్‌రే, ఆసుపత్రి చీటీ, ఆపరేషన్ కాగితం అన్నీ దాచుకోండి. కువైట్‌లో 2010 నాటి కార్మిక చట్టం ప్రకారం, వైద్యం చేసిన డాక్టరు రిపోర్టు ఒప్పుకోలేకపోతే ఆరోగ్య శాఖలోని మెడికల్ కమిటీకి అప్పీలు చేసుకోవచ్చు. దానికి గడువు రిపోర్టు సంగతి తెలిపిన రోజు నుంచి ఒక నెల. ఆ నెల దాటిపోయాక మా ఆఫీసుకు వచ్చేవాళ్ళే ఎక్కువ. ఏ దేశంలోనైనా అరబీ కాగితం చేతికి రాగానే ఫోటో తీసి, అరబీ చదవగలిగే ఎవరికైనా అదే రోజు చూపించండి. అర్థం కాని దాని మీద సంతకం అడిగితే, తర్జుమా చేసే మనిషి కావాలని అడగడానికి మొహమాటపడొద్దు.

‘గుండె ఆగింది’ అని రాస్తే

అన్నిటికన్నా మమ్మల్ని కలవరపెట్టేది ఇది. ముప్పై, ముప్పై ఐదేళ్ళ వయసు. ఊరి నుంచి బయల్దేరే ముందు మెడికల్ పాసయ్యాడు. వేసవిలో ఎండలో పనిచేసి వచ్చి రాత్రి మంచం మీద పడుకున్నాడు, లేవలేదు. సర్టిఫికెట్ మీద ‘గుండె ఆగిపోవడం’ అనో, ‘సహజ మరణం’ అనో రాస్తారు. చనిపోయిన ప్రతి మనిషికీ గుండె ఆగుతుంది. ఎందుకు ఆగిందన్నది కదా కారణం! సహజ మరణం అని రాస్తే అది పనివల్ల వచ్చిన చావు కాదు. అప్పుడు పరిహారం అడగడానికి ఆ ఇంటివాళ్ళకు దారి మూసుకుపోతుంది.

ఖతర్ ప్రభుత్వం తానే నియమించుకున్న డీఎల్‌ఏ పైపర్ అనే న్యాయ సంస్థ 2014లో ఇచ్చిన నివేదికలో, గుండె ఆగి చనిపోయిన కార్మికుల మరణాల మీద లోతుగా అధ్యయనం చేయించాలని చెప్పింది. 2019లో ‘కార్డియాలజీ’ అనే వైద్య పత్రికలో గుండె డాక్టర్లూ వాతావరణ శాస్త్రజ్ఞులూ కలిసి ఒక పరిశోధన ప్రచురించారు. 2009 నుంచి 2017 వరకు ఖతర్‌లో చనిపోయిన నేపాలీ కార్మికుల లెక్క తీశారు. గుండె జబ్బు అని రాసిన మరణాలు 571. వాటిలో 200 వరకు, ఎండ నుంచి సరైన రక్షణ ఉంటే ఆపగలిగినవేనని వాళ్ళ అంచనా. ఎండ ఎక్కువగా ఉన్న నెలల్లోనే ఆ మరణాలు పెరిగినట్టు లెక్కల్లో కనిపించింది. ఇలాంటి ఒత్తిళ్ళన్నీ కలిసి 2021లో ఖతర్ నియమాలు మార్చింది. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు ఉదయం పదింటి నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఎండలో పని నిషేధించింది. వేడి ఒక హద్దు దాటితే ఏ వేళైనా పని ఆపాలంది.

ఈ విషయంలో డాక్టర్లకు ఒక చిక్కుంది. వడదెబ్బతో పోయిన దేహాన్ని కోసి చూసినా, ఇదీ అని చూపించే గుర్తు గట్టిగా దొరకదు. ప్రాణం ఉండగానో, పోయిన వెంటనేనో ఒంటి వేడి ఎంత ఉందో కొలిచి రాస్తేనే తెలుస్తుంది. ఇంటికి పంపేముందు దేహానికి ఎక్కించే ఎంబామింగ్ మందు మిగిలిన ఆధారాలు చాలా వాటిని చెరిపేస్తుంది. అందుకే ఊళ్ళో మళ్ళీ పోస్టుమార్టం చేయించినా ఉపయోగం తక్కువ.

ఇక మిగిలేది పక్కనున్నవాళ్ళ మాట. ఆ రోజు ఎన్ని గంటలు ఎండలో ఉన్నాడు, మధ్యాహ్నం విరామం ఇచ్చారా, నీళ్ళు ఉన్నాయా, చెమట పట్టడం ఆగిపోయిందా, పొంతన లేకుండా మాట్లాడాడా, వాంతి చేసుకున్నాడా, ఎన్నింటికి పడిపోయాడు – వీటి మీదే ఏ డాక్టరైనా అభిప్రాయం చెప్పగలడు. అంబులెన్సు వచ్చినప్పుడు ఇవన్నీ వాళ్ళకు చెప్పండి, ఒంటి వేడి కొలిచి రాయమని అడగండి. ఆ రాత్రే ఒక కాగితం మీద టైములతో సహా తెలుగులోనే రాసి, గదిలో ఉన్న నలుగురూ పేర్లు, బతాకా నంబర్లు వేసి, ఒక ఫోటో అతని ఇంటికి పంపండి. ఇంకో ఫోటో ఎంబసీ కార్మిక విభాగానికి ఇవ్వండి.